ఎమ్మెట్టు చరమవాక్యము: పాఠవిచారము, అర్థవిచారము

విఫలమైన తిరుగుబాటునకు పిమ్మట మరణదండన పొందినవారి కడపటి మాటలు తక్కిన వాఙ్మయము వంటివి కావు. కవి తన కావ్యమును వ్రాసికొని, దిద్దికొని, శిష్యులచేత ప్రతులు వ్రాయించి లోకమునకు విడుచును. దండితునకు ఆ యవకాశము లేదు. పలుకువా డొకడు, వినువారు వేఱు, వ్రాయువారు వేఱు, అచ్చు వేయువారు మఱియు వేఱు. వినువారిలో శత్రువు లుందురు, మిత్రు లుందురు, జీతమునకు వచ్చి కూర్చుండినవా రుందురు. పలికినవాడు మఱునాటికి లేడు. కావున నా మాట నిట్లేల మార్చితిరని యడుగువాడును లేడు. ఇట్టి వాక్యములను విమర్శించుటకు రసజ్ఞత యొక్కటి చాలదు. పాఠనిర్ణయమున శ్రద్ధయు, వాక్యార్థనిర్ణయమున శాస్త్రమును వలయును. ఈ రెండును మన పండితులకు క్రొత్తవి కావు. వానిని పరదేశపు వాక్యమున కన్వయించుటయే యిచట నేను చేయు పని.

ఈ విచారమునకు నన్ను పురికొల్పిన కారణము చిన్నది. నా యొద్ద చదువుకొను బాలు డొకడు వక్తృత్వపు పోటీకై ఐర్లండు దేశీయుడగు రాబర్టు ఎమ్మెట్టు న్యాయస్థానమున చేసిన ప్రసంగమును తెలుగున వల్లించుచు నా కడకు వచ్చెను. నేను అతని శ, ష, సలను దిద్దితిని, ఒత్తులు సరిచేసితిని, ఊపిరి యెచ్చట నాపవలెనో చెప్పితిని. అంతయు నైన పిదప వాడు, "పంతులుగారూ, ఇవి ఆయన పలికిన మాటలేనా?" యని యడిగెను. "ఔను నాయనా" యని చెప్పి పంపితిని. వాడు వెడలిన తరువాత నా యుత్తరము నన్నే బాధింపసాగెను. ముప్పది యేండ్లుగా శబ్దసాధుత్వమును బోధించినవాడను. ఒక్క శబ్దమునకు ప్రమాణము చూపక ఔ నంటిని. ఆ తప్పును దిద్దుకొనుటకై యీ వ్యాసము.

ముందుగా వృత్తాంతమును సంగ్రహముగా చెప్పవలయును. ఎమ్మెట్టు 1778వ సంవత్సరము మార్చి 4వ తేదీన డబ్లిను నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. అన్నయగు టామసు ఆడిసు ఎమ్మెట్టు ఐక్య ఐరిషు సమాజమున ముఖ్యుడు. తమ్ముడు ట్రినిటీ కళాశాలలో చదువుచు వక్తగా పేరొందెను. 1798వ సంవత్సరమున రాజద్రోహశంకపై విచారణ జరిగిన తఱి కళాశాలను వీడెను. ఆ యేటనే ఐర్లండున పెద్ద తిరుగుబాటు లేచి యణగారినది. 1801 జనవరి 1వ తేదీనుండి ఐర్లండు శాసనసభ యంతరించి ఆ దేశము బ్రిటనుతో నేకరాజ్య మయ్యెను. ఎమ్మెట్టు ఫ్రాన్సునకు పోయి, సాయము దొరకునో లేదో విచారించి, 1802వ సంవత్సరమున తిరిగి వచ్చి, డబ్లిను వీథులలో రహస్యముగా ఆయుధశాలలు నెలకొల్పెను. అందు బల్లెములును, అగ్నిబాణములును తయారు చేయించెను. 1803 జూలై 16వ తేదీన ప్యాట్రికు వీథిలోని ఆయుధశాల ప్రేలుటచేత గుట్టు బయటపడునేమో యను భయము కలిగి, జూలై 23వ తేదీననే లేవవలసి వచ్చెను. రావలసినవారు రాలేదు. వచ్చినవారిలో కొందఱు కట్టు తప్పి, వీథిలో బండినుండి లాగి, ప్రధానన్యాయాధిపతి యగు కిల్‌వార్డెను ప్రభువును, అతని సోదరపుత్రుని చంపిరి. కొలది గంటలలో నంతయు ముగిసెను. ఎమ్మెట్టు కొండలకు పాఱి, పిదప తాను ప్రేమించిన సారా కర్రను అను కన్యక నివాసమునకు దగ్గఱలో నుండగోరి తిరిగి వచ్చి, ఆగస్టు 25వ తేదీన పట్టువడెను. సెప్టెంబరు 19వ తేదీన విచారణ జరిగెను. 20వ తేదీన టామసు వీథిలో సెయింటు కాథరిను దేవాలయము నెదుట నురి తీయబడెను. అప్పటి కతని వయస్సు ఇరువదియైదేండ్లు.

ఆ విచారణదినమున ప్రతివాది పక్షమున సాక్షులు లేరు, వాదము లేదు. ఐనను ప్రభుత్వపక్షమున ప్లంకెట్టు అను న్యాయవాది దీర్ఘముగా ప్రసంగించెను. జ్యూరీవారు తమ స్థానము వీడి లోపలికి పోకయే దోషి యని నిర్ణయించిరి. రాత్రి యయ్యెను. శిక్ష విధింపరాదనుటకు నీవు చెప్పదగినది యేమని ఆచారము ననుసరించి యడుగగా, ఎమ్మెట్టు లేచి మాటాడెను. న్యాయాధిపతి యగు నార్బరీ ప్రభువు పలుమాఱు అడ్డగించెను. అడ్డగించిన ప్రతిమాఱును అతడు మాటను తిరిగి యందుకొనెను. ఇంతవఱకు వివాదము లేదు. అతడేమి పలికెను అనునప్పుడే వివాదము పుట్టుచున్నది.

శబ్దము ప్రమాణ మగుటకు వక్త ఆప్తుడై యుండవలెనని నైయాయికులు చెప్పుదురు. చరమవాక్యముల విషయమున ఈ లక్షణమును ఇంకొక మెట్టు పైకి జరుపవలయును: వక్త యేకాక, వినిపించువాడును ఆప్తుడు కావలెను. ఎమ్మెట్టునకు ప్రక్కన నిలిచినవారిలో ఆప్తు లెవరు? అతని పక్షమున న్యాయవాది యగు లియొనార్డు మక్‌నాలీ, స్వయముగా ఐక్య ఐరిషు సమాజమున చేరినవాడు, దేశభక్తుడని పేరు పొందినవాడు. అతడు ప్రభుత్వమువలన రహస్యముగా సొమ్ము గొనుచు తన కక్షిదారుల గుట్టులను తెలుపుచుండెనని 1820వ సంవత్సరమున అతడు మరణించిన పిదప బయటపడెను. ఇట్టివాడు ప్రక్కన నుండగా పలికిన మాట యది. కావున దగ్గఱ నుండి వింటిమని చెప్పువారి మాటను సైతము దగ్గఱితనమును మాత్రమే చూచి నమ్మరాదు.

ప్రసంగమున ప్రక్షిప్తములు చేరిన వనుటకు స్పష్టమైన నిదర్శన మొకటి కలదు. ప్లంకెట్టును ఎమ్మెట్టు, నా తండ్రి పోషించిన సర్పమా యను నర్థము వచ్చునట్లు నిందించెనని యొక మాట ఆ దినములలో పుట్టెను. ప్లంకెట్టు 1800వ సంవత్సరమున శాసనసభలో రాజ్యముల యేకీకరణమును తీవ్రముగా నెదిరించినవాడు. మూడేండ్లలోనే ప్రభుత్వపక్షమున నిలిచి, అదే యేకీకరణమును ద్వేషించి లేచిన యువకుని ఉరికి పంపుటకు వాదించెను. లోకమున కా నింద వినవలెనని కోరిక యుండెను. కోరిక యున్నచోట వాక్యము పుట్టుట యరుదు కాదు. ఆ మాటను అచ్చు వేసిన కాబెట్టు అను పత్రికాధిపతిపై ప్లంకెట్టు 1804వ సంవత్సరమున దావా వేసి, 500 పౌండ్ల పరిహారమును గెలిచెను. ఆ నింద న్యాయముగా తగియున్నదా లేదా యనునది వేఱు విషయము. తగియున్నదనుటచేత పలుకబడెనని తేలదు. ఔచిత్యము కావ్యమున గుణము. పాఠనిర్ణయమున అది యొక్కటియే సాక్షి కాజాలదు.

ప్రక్షేపము మిత్రులకే పరిమితము కాదు. ఎమ్మెట్టు తాను ఫ్రాన్సు దేశపు దూతను గానని, ఆ దేశీయులు జయింపవచ్చినచో వారినిగూడ సముద్రతీరముననే యెదిరింతునని పలికినట్లు పాఠములలో కలదు. తమ శత్రువగు ఫ్రాన్సును తమకు శత్రువైన తిరుగుబాటుదారుడే నిందించుట ప్రభుత్వమునకు మిక్కిలి ప్రీతికరము. ఆ భాగమున పెంపుదల యున్నదని శంకించినవారు కలరు. ఇట్లు ఒక్క ప్రసంగమునకు రెండు వైపుల రెండు చేతులు సోకినవి: ఒక చేయి ద్వేషముతో, ఒక చేయి ప్రేమతో. ద్వేషముతో సోకిన చేతిని పట్టుకొనుట సులభము. ప్రేమతో సోకినదానిని పట్టుకొనునప్పుడు మన చేయి వణకును. మన చాటువుల విషయమున నిది మనకు తెలిసినదే. శ్రీనాథుని యవసానదశను చెప్పు చాటుపద్యములను విచారించునప్పుడు, కర్తృత్వశంక మనస్సున తోచినను, నోట చెప్పుటకు ఎందఱు పండితులు జంకలేదు!

ఇక ప్రధానవిషయమునకు వత్తును. ప్రసంగము చివర ఎమ్మెట్టు తన సమాధిపై రాత వ్రాయవలదని కోరెను. ఈ వాక్యమునకు గల పాఠములలో పరస్పరము మిక్కిలి దూరమున నున్న రెంటిని మాత్రము గ్రహింతును.

మొదటి పాఠము సారా కర్రను సోదరుడగు విలియం హెన్రీ కర్రను, తన తండ్రియు ప్రసిద్ధ న్యాయవాదియు నగు జాన్ ఫిల్పాట్ కర్రను చరిత్రమున ముద్రించినది. ఎమ్మెట్టు మరణమునకు పదునైదు పదునాఱేండ్ల పిదప వెలువడినది. అందలి తాత్పర్య మిది: నా శీలమును సమర్థించుకొనుటకు నాకు సెలవు లేదు, ఇతరులకు సాహసము లేదు, కావున నిందించుటకును ఎవడు సాహసింపకుండుగాక, వేఱు కాలము, వేఱు మనుష్యులు వచ్చి నాకు న్యాయము చేయువఱకు నా శీలము, నా యుద్దేశములు మఱుగున శాంతముగా నుండుగాక, అప్పుడు నా సమాధిపై రాత వ్రాయవచ్చును.

రెండవ పాఠము నేడు లోకమున మిక్కిలి ప్రసిద్ధమైనది, మా బాలుడు వల్లించినది. అందు పైమాటలు కొన్ని యుండగా, చివర నవధి మాఱినది: నా దేశము లోకమందలి జాతుల నడుమ తన స్థానమును గ్రహించిన నాడే, అంతకు ముందు కాదు, నా సమాధిపై రాత వ్రాయబడుగాక యని.

నిషేధ మొక్కటియే, అవధి వేఱు. ఒకదానియందు అవధి న్యాయము, ఇంకొకదానియందు స్వాతంత్ర్యము. ఒకదానియందు కాలము మనుష్యుల చిత్తశుద్ధినిబట్టి తీరును, ఇంకొకదానియందు రాజ్యముల మార్పునుబట్టి తీరును.

ఈ రెంటిలో మూల మేది? బాహ్యసాక్ష్యమును ముందు చూతము. ఆంగ్లకవి యగు రాబర్టు సౌథీ, ఎమ్మెట్టు ప్రసంగమును చదివిన వెంటనే వ్రాసితినని శీర్షికయందే చెప్పుచు ఒక పద్యకృతిని రచించెను. అతడు ఎమ్మెట్టు కార్యమును సమర్థించినవాడు కాడు గాని ఆ యువకుని యౌదార్యమునకు కరగినవాడు. ఆ కృతి మొదట ఎమ్మెట్టు కోరికను ఎత్తికొనినచోట వేఱు కాలము, వేఱు మనుష్యులు, న్యాయము అను మూడును కలవు. జాతుల నడుమ దేశమునకు స్థానమను మాట లేదు. ఎమ్మెట్టునకు కళాశాలలో మిత్రుడగు టామసు మూరు 1808వ సంవత్సరమున ప్రకటించిన గేతసంపుటమున మిత్రుని స్మరించి యొక గీతము కలదు. అందు మిత్రుని పేరు పేర్కొనబడలేదు, ఆ పేరు పలుకవలదనుటయే దాని యెత్తుగడ. అదియును మౌనమునే ప్రధానము చేసినది. ఆంగ్లేయుడొకడు, ఐరిషువారిద్దఱు, మువ్వురును ఒకే వైపు చూపుచున్నారు.

ఇచట పూర్వపక్షము లేవవచ్చును. సౌథీ ఛందస్సునకై వాక్యమును కుదించి యుండవచ్చును. కర్రను కుమారుడు ప్రభుత్వభీతిచే దేశప్రస్తావమును విడిచి యుండవచ్చును. కావున వారు చెప్పకపోవుటచేత అతడు పలుకలేదని తేలదు అని. ఈ యాక్షేపము త్రోసివేయదగినది కాదు. ఐనను ఒకటి విచారింపవలయును. ఒకడు ఛందస్సునకై, ఒకడు భయముచే, ఇట్లు వేఱువేఱు కారణములచే ఇద్దఱు ఒకే యవయవమును విడుచుట సంభవించునా? పైగా భయమే కారణమైనచో, తన యుద్దేశము స్వదేశస్వాతంత్ర్యమే యని ఎమ్మెట్టు చెప్పిన భాగములు ప్రసంగపు ముద్రణములలో నెట్లు నిలిచినవి? మఱియు నొక యుక్తి: మొదటి పాఠమునుండి రెండవది పుట్టుట సులభము. వేఱు కాలమనగా నేది యని వినువాడు తనలో తా నడిగికొని, దేశము స్వతంత్రమగు కాలమే యని చెప్పుకొని, ఆ చెప్పుకొన్నదానిని వాక్యమున చేర్చును. వ్యాఖ్య మూలమున దిగబడుట మన తాళపత్రములయందు నిత్యము చూచుచునే యున్నాము. రెండవదానినుండి మొదటిది పుట్టవలెనన్నచో, ఉజ్జ్వలమైనదానిని విడిచి మసకయైనదానిని పట్టుకొన్నవా డెవడని వెదుకవలసి వచ్చును.

ఇక నాంతరసాక్ష్యము. వాక్యసందర్భమునకు తాత్పర్యము నిర్ణయించుటలో ఉపక్రమోపసంహారముల యైకరూప్యమును, అభ్యాసమును మీమాంసకులు లింగములుగా చెప్పుదురు. ఎమ్మెట్టు ప్రసంగము ఉపక్రమ మేది? మరణశిక్షనుగూర్చి నాకు చెప్పవలసినది లేదు, ప్రాణముకంటె నాకు ప్రియమైన నా కీర్తినిగూర్చి చెప్పవలసినది కలదు అని. తిరుగుబాటు న్యాయమా కాదా యని యతడు మొదలుపెట్టలేదు. న్యాయస్థానము దేహమును శిక్షింపగలదు, శీలమునకు పేరు పెట్టజాలదు, అనుటయే ఎత్తుకొన్న విషయము. నార్బరీ యడ్డగించిన ప్రతిమాఱును అతడు తిరిగి యందుకొన్న సూత్రమును అదియే, ఇది యభ్యాసము. ఇట్లు కీర్తితో నారంభించి, కీర్తినే మాటిమాటికి పేర్కొన్న ప్రసంగము కీర్తితోనే ముగియుట సంగతము. మొదటి పాఠమున ఉపసంహారము ఉపక్రమమును చేరి వలయము పూర్తియగుచున్నది. రెండవ పాఠమున ఉపసంహారము గొప్పదే గాని, ఉపక్రమమున నెత్తుకొన్న ప్రశ్నకు సమాధానమునకు మాఱుగ ఇంకొక గొప్ప మాట చెప్పి ముగించుచున్నది.

కావున మొదటి పాఠమును మూలముగను, రెండవదానిని దాని వ్యాఖ్యగను గ్రహించుట యుక్తమని నా నిశ్చయము. వ్యాఖ్య యన్నంత మాత్రమున తృణీకరింపబడదు. మంచి వ్యాఖ్య మూలమున గర్భితమైనదానిని వెలికి తీయును. స్వదేశస్వాతంత్ర్యమునకై మరణించువానికి న్యాయము జరుగుట, ఆ స్వాతంత్ర్యము సిద్ధింపక యెట్లు సంభవించునని శ్రోత లనుకొనుట యసంగతము కాదు. ఐనను వ్యాఖ్యాతకు వ్యాఖ్యాతృస్థానమే యీయవలయును.

ఇపుడు అర్థవిచారము. వ్రాయవలదను నిషేధము ఎట్టిది? నిషేధమును శాస్త్రజ్ఞులు ప్రసజ్యప్రతిషేధమని, పర్యుదాసమని రెండు విధములుగా విభజించిరి. నఞర్థము క్రియతో నన్వయించి, ఆ క్రియ యెంతమాత్రము కూడదని చెప్పుట మొదటిది. ఒకదానిని విడదీసి, తక్కినదానిని విధించుట రెండవది. పైకి చూడగా ఎమ్మెట్టు వాక్యము మొదటి జాతికి చేరినట్లు తోచును: వ్రాయవలదు. కాని యా వాక్య మచ్చట ముగియలేదు. అప్పుడు వ్రాయవచ్చును అను ప్రతిప్రసవము దాని వెంటనే వచ్చినది. నిషిద్ధమైనదానికే కాలాంతరమున ననుజ్ఞ యిచ్చుటచేత, ఇది రాతయెడల వైముఖ్యము కాదు. రాతకు తగిన కాలమును ఏర్పఱచుట.

ఉదయించు సూర్యుని చూడరాదను వాక్యమును మీమాంసకులు విచారించిన తెఱగు ఇచట స్మరింపదగినది. అది వ్రతమను నుపక్రమమున వచ్చుటచేత, చూడకపోవుట యను నభావము దాని యర్థము కాదని, చూడనను సంకల్పమును పూనవలెననుటయే యర్థమని వారు నిర్ణయించిరి. కన్నులు మూసి నిద్రించువాడును సూర్యుని చూడడు. అతనికి వ్రతఫలము లేదు. ఎమ్మెట్టు కోరినదియు నిట్టిదే. మఱచిపోయి వ్రాయకుండుట యతడు కోరిన మౌనము కాదు. అజ్ఞానముచే గాని, పక్షపాతముచే గాని వ్రాయకుందునని తెలిసి పూనిన మౌనమే యతడు కోరినది. అట్టి మౌనము క్రియలేమి కాదు. అదియే యొక క్రియ, అదియే యొక నియమము. దానిని పాటించువాడు ఆ దండితునకు సాక్షి యగుచున్నాడు.

రాత లేని ఆ శిలనుగూర్చియు ఒక మాట. నైయాయికులు సంసర్గాభావమును ప్రాగభావము, ధ్వంసము, అత్యంతాభావము అని విభజింతురు. కుండ పుట్టకముందు మట్టియందు కుండ లేకుండుట ప్రాగభావము. అది, పుట్టగలదను ప్రతీతిచే తెలియబడును, కుండ పుట్టినతోడనే నశించును. పగిలిన పిదప లేకుండుట ధ్వంసము. ఎన్నడును లేకుండుట యత్యంతాభావము. ప్రభుత్వము ఎమ్మెట్టు పేరునకు ధ్వంసమునో యత్యంతాభావమునో కోరెను: తల నఱికించెను. అతని సమాధిస్థల మేదియో నేటికిని నిశ్చయింపబడలేదు. డబ్లినులో సెయింటు మికను దేవాలయపు ఆవరణమున రాతలేని శిల నొకదానిని చూపి యిదియే యని చెప్పుదురు. ఎమ్మెట్టు తన వాక్యముచేత ఆ యభావపు జాతినే మార్చెను. శిలపై రాత లేకుండుటను ధ్వంసముగా చూడవలదు, ప్రాగభావముగా చూడుడు, అనెను. శిల యదియే; దానిపై శూన్యమును అదియే; చూచువాని ప్రతీతి మాఱినది. ఓడినవానికి చేతనున్న సాధన మిది యొక్కటియే, అది చాలినది.

ఉరికంబముకడ జరిగినదని యొక యైతిహ్యము కలదు. సిద్ధముగా నుంటివా యని తలారి యడుగగా ఎమ్మెట్టు, ఇంకను లేదు, అనెనట. మఱల నడుగగా మఱల నదియే యనెనట. మూడవమాఱు ఆ మాట పూర్తికాకయే తలారి పలకను త్రోసెనట. ఈ వృత్తాంతమును విని కంట తడి పెట్టనివా డుండడు. ఐనను పాఠవిమర్శకుడు కన్నీటిని తుడుచుకొని యడుగవలయును: ఇది జరిగినదా, లేక ముందునాటి వాక్యమున నున్న ఇంకను కాదను ధ్వని ఉరికంబమునొద్ద మాఱుమ్రోగినదా? రెండును సంభావ్యములే. ఐతిహ్యమును ఐతిహ్యమని చెప్పి వినిపించుటలో రసహాని లేదు. లోకము అతని జీవితమునుండి ఏ మాటను సారముగా గ్రహించెనో ఆ యైతిహ్యమే తెలుపుచున్నది. అతడు పలికెననుటకు అది దుర్బలమైన సాక్షి. జనులు వినిరనుటకు బలవత్తరమైన సాక్షి.

పాఠభేదముచేత ప్రయోజనభేదము కలుగునా యని యడుగువారు కలరు. తప్పక కలుగును. రెండవ పాఠమును పట్టుకొన్నవారికి, అవధి వచ్చెనా లేదా యని దినములు లెక్కించు పని పడినది. 1922వ సంవత్సరమున ఐరిషు స్వతంత్రరాజ్య మేర్పడెను. 1949వ సంవత్సరమున గణతంత్రము ప్రకటింపబడెను. 1955వ సంవత్సరమున ఆ దేశము ఐక్యరాజ్యసమితిలో చేరి, అక్షరార్థమున జాతుల నడుమ కూర్చుండెను. ఐనను ఉత్తరమున ఆఱు మండలములు బ్రిటిషు పాలనముననే నిలిచినవి. కావున గడువు తీఱినదని యొకరు, తీఱలేదని యొకరు వాదింపవచ్చును. వాదము పటములమీదను, ఒడంబడికలమీదను నడచును. మొదటి పాఠమును గ్రహించినచో ప్రశ్న మన యింటికే వచ్చును. నీవు వేఱు మనుష్యుడ వైతివా? నీ యందలి పక్షపాతము తొలగినదా? అతని యుద్దేశములను తెలిసికొంటివా? కిల్‌వార్డెను హత్యను, సన్నాహమునందలి లోపములను, చెదరిన జనమును, అతని నిర్మలత్వమును, అన్నిటిని ఒక్క త్రాసున పెట్టి తూచగలవా? ఇట్టివా డెవడు వచ్చిన నాడే గడువు తీఱును. ఆ గడువు ఏ దేశమునందైనను తీఱవచ్చును, ఎచ్చటను తీఱకయు పోవచ్చును.

ఇట్లు విచారింపగా నాకు తోచిన ముఖ్యవిషయ మిది. ఎమ్మెట్టు నిషేధించినది రాయిపై చెక్కుటను మాత్రమే కాదు. తన్నెఱుగనివారు తన జీవితమునకు ముగింపు చెప్పుటను. ప్లంకెట్టుపై నిందను అతని నోట పెట్టినవాడును, ఫ్రాన్సుపై నిందను పెంచినవాడును, అతని కోరికకు ఉజ్జ్వలమైన యవధిని కల్పించినవాడు ఎవడైన నున్నచో వాడును, ఎల్లరును ఆ నిషేధమును మీఱినవారే. వారు శిలపై వ్రాయలేదు. అతని నాలుకపై వ్రాసిరి. శిలపై వ్రాసినదానిని చెఱపవచ్చును. మృతుని నాలుకపై వ్రాసినదానిని చెఱపుట దుష్కరము, ఏలయన దానిని చదువువాడు అది యతని మాటయే యని నమ్మి గౌరవించును. భక్తితో చేసిన ప్రక్షేపమే యిందువలన నెక్కువ యపకారము చేయును. మూరు పేరు పేర్కొనక పాడి వ్రతమును పాటించెను. సౌథీ కరగిన మనస్సుతో వెంటనే పద్యము వ్రాసి, మంచి యుద్దేశముతోనే, మీఱెను. మన మే పక్షమున నిలుతుము?

మనమును వ్రాయుచున్నాము గదా, ఇదియును ఉల్లంఘనము కాదా యని యడుగవచ్చును. శబ్దానుశాసనము చేయువాడు శబ్దములను పుట్టింపడు. ఉన్నవానిని సాధువులని, కానివానిని కావని విడదీసి చూపును. దండితుని మాటను తూర్పాఱబట్టి యతనిది అతనికి, లోకముది లోకమునకు పంచి యిచ్చుట సమాధిరాత కాదు. రాత వ్రాయగలవా డెన్నడైన వచ్చినచో, వానికై నేలను చదును చేయుట మాత్రమే.

మా పాఠశాలోపాధ్యాయులకు ఒక్క మనవి. ఇట్టి ప్రసంగములను పిల్లలచే వల్లింపజేయుడు. వానియందు వాక్కునకు గల ధైర్యము తెలియును. కాని వల్లించువానికి పాఠభేదమును చెప్పుడు. చెప్పినచో రసము చెడునని వెఱవవలదు. ఆ బాలుని మఱుసటివారము పిలిచి, "నాయనా, నా డే నౌనంటిని; అది తొందరపాటు" అని చెప్పి రెండు పాఠములను వానికి వివరించితిని. వాడు కొంతసే పాలోచించి, "అయితే పంతులుగారూ, నేను దేనిని చెప్పవలెను?" అని యడిగెను. "మొదటిదానిని చెప్పుము. రెండవదానిని చెప్పదలచితివేని, ఇది లోకము చెప్పుకొన్న మాట యని ముందుగా చెప్పి, పిదప చెప్పుము" అంటిని. వాడు రెంటిని చెప్పెను. నడుమ నొక్క క్షణ మాగెను. ఆ క్షణమున సభలో నెవరును దగ్గలేదు.

ఇందలి పాఠనిర్ణయమున నేను ప్రమాదపడి యున్నచో, మూలప్రతులను చూచిన విద్వాంసులు దిద్దుదురుగాక. దిద్దుబాటును ఈ పత్రికయందే కృతజ్ఞతతో నంగీకరింతును.